అరంగుళం మావయ్య

ఉద్యోగం అయిపోయాక కొందరు హోమియోపతి పెట్టె తెరుస్తారు, కొందరు భగవద్గీత. మా పరవాడ మావయ్య అత్త కుట్టుమిషను తెరిచాడు.

ఊరి పక్కనే సింహాద్రి థర్మల్ ప్లాంటు. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. అందులో కంట్రోలు రూము చూసిన మనిషికి కాలితో తొక్కే మిషను ఒక లెక్కా? "ఆవిరి ప్రెషరైనా దారం టెన్షనైనా ఒకటేరా" అంటూ చక్రాన్ని వెనక్కి తిప్పాడు. దారం పుటుక్కుమంది.

"యూనిట్ ట్రిప్పయింది" అన్నాడు గంభీరంగా.

కొత్తవాళ్ళు ముందు దారం ఎక్కించకుండా కాగితం మీద గీతల వెంట కుట్టి చెయ్యి కుదుర్చుకోవాలి. మావయ్య పాత కరెంటు బిల్లులన్నీ జల్లెడ చేశాడు. చెయ్యి కుదిరిందో లేదో గానీ నోరు మాత్రం కుదిరింది. చేతిసూదికి కన్ను వెనకుంటే మిషను సూదికి మొన దగ్గరెందుకుందో వచ్చినవాళ్ళందరికీ చెప్పడమే. 1846లో అమెరికాలో ఎలయాస్ హౌ పేటెంటు తీసుకున్నది అలాంటి సూది ఉన్న మిషనుకేనట. మొనతో పాటు దారం గుడ్డ కిందికి దిగి ఉచ్చు పడితే, షటిల్ రెండో దారాన్ని అందులోంచి దూరుస్తుంది. పాలబ్బాయి బుద్ధిగా అంతా విని, "మరి పాలెన్ని బాబూ?" అన్నాడు.

మొదటి ప్రాజెక్టు దిండు గలేబు. దిండుని టేపుతో నాలుగుసార్లు కొలిచి, ఆ కొలతకే కత్తిరించాడు. కుట్టులోకి పోయే గుడ్డ మాటే మర్చిపోయాడు. దిండు సగం లోపలికెళ్ళి ఆగిపోయింది.

"ఇదేటండీ, దిండుకి జాకెట్టు తొడిగినట్టుంది!" అంది అత్త.

"అరంగుళం వదలాల్సింది" అన్నాడు. అప్పటినుంచి లోకంలో ఏ లోపానికైనా ఆయనకదే కారణం. ఫార్మాసిటీ బస్సులూ లారీలూ ఎదురెదురై రోడ్డు బిగుసుకుపోతే, "అరంగుళం వదల్లేదు." ఎదురింటి అల్లుడు అలిగి వెళ్ళిపోతే, "పెళ్ళిమాటల్లోనే అరంగుళం వదలాలి."

రెండోది గుడ్డసంచి. అత్త కిటికీ తెర ఒకటి అప్పటికే మాయమైంది. కుట్లు తిన్నగా వచ్చిన సంబరంలో ఆగకుండా తొక్కి, నాలుగు వైపులా కుట్టేశాడు. మూతి లేని సంచిని కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది దిండు" అని తేల్చాడు. దిండు పట్టని గలేబుకి రెండు పట్టీలు తగిలించి, అది సంచి అన్నాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ సంచిలో రెండు కేజీల వంకాయలు తెచ్చాను, ఒక్క కుట్టూ ఊడలేదు.

అత్త మాత్రం తన జాకెట్టు గుడ్డలు బియ్యం డబ్బాలో దాచి, గాజువాకలో చుట్టాల్ని చూసొస్తానని చెప్పి అక్కడి టైలరుకిచ్చి వస్తోంది.

మొన్న ఆ దారినే వెళ్తూ తొంగిచూశాను. మావయ్య కళ్ళజోడు పైకెత్తి నా కాళ్ళకేసి చూశాడు.

"ఒరే, నీ ప్యాంటు అరంగుళం పొడుగుందిరా. విప్పు, రెండు నిమిషాల పని."

అనకాపల్లి బస్సెక్కాక చూసుకున్నాను. చెప్పులు ఆయన అరుగు మీదే ఉండిపోయాయి.