తల వెనక స్తంభానికి ఒక బహిరంగ లేఖ

మా అమ్మమ్మ ఇంటి వీధి మలుపులో నిలబడ్డ కరెంటు స్తంభానికి,

ఉత్తరం నీ పేరుతోనే రాస్తున్నా, చదవాల్సినవాళ్లు కొత్తగా ఫోన్‌తోనో కెమెరాతోనో ఫొటోలు మొదలుపెట్టిన పిల్లలు. అందుకే నలుగురిలో పెడుతున్నాను.

2009 సంక్రాంతి పొద్దున్న అమ్మమ్మ వాకిట్లో ముగ్గు పూర్తిచేసి లేచింది. వీధికి వీపు పెట్టి, ముగ్గు గిన్నె చేత్తో పట్టుకునే నిలబడింది. "ఇప్పుడెందుకురా, చీర కూడా మార్చుకోలేదు" అంటూనే నవ్వింది. ఆ నవ్వు పోకముందే నొక్కాలన్న ఆత్రంలో నాకు నువ్వు కనపడలేదు. ఆమె పోయాక గోడకి పెద్ద ఫొటో కట్టిద్దామని తెరిచి చూస్తే, ఆమె కొప్పులోంచి నిటారుగా లేచి ఉన్నావు. నిన్ను కంప్యూటర్లో చెరిపించాను. నీతోపాటు కొప్పు చుట్టూ ఎగిరే నెరిసిన వెంట్రుకలు కూడా పోయాయి. ఆమె ఒంటరిగా నవ్వుతున్న ఫొటో మా ఇంట్లో అదొక్కటే.

ఎదురుగా ఉన్న నిన్ను ఎలా చూడలేకపోయానా అని చాలా ఏళ్లు బాధపడ్డాను. మనవి రెండు కళ్లు. రెండిటికీ కాస్త తేడాగా కనపడే దృశ్యాలను కలుపుకుని మెదడు ఏది దగ్గరో ఏది దూరమో తేల్చుకుంటుంది. మనసు లగ్నమైన ముఖం తప్ప మిగతాదంతా పక్కకి నెట్టేస్తుంది. లెన్స్ ఒంటికన్నుది. రెండు మీటర్ల దూరంలో ఉన్న అమ్మమ్మనీ, ఆమె వెనక ఇరవై మీటర్ల అవతల ఉన్న నిన్నూ ఒకే పలక మీద అతికిస్తుంది. ఫోన్‌లో సెన్సర్ చిన్నది కాబట్టి వెనకాల ఉన్నదీ ముందున్నంత స్పష్టంగా పడుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ నిన్ను మసక చేస్తుందే కానీ, తలలోంచి లేచే మసక గీత కూడా గీతే.

అందుకని పిల్లలూ, నొక్కేముందు ఒక కన్ను మూసి చూడండి. తర్వాత చూపుని ముఖం మీంచి తీసి ఫ్రేము నాలుగంచుల వెంట ఒక్కసారి తిప్పండి. రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లు నేను ఆ రోజు పెట్టలేదు.

స్తంభమా, నిన్ను తప్పించడం ఎంత తేలికో తర్వాత తెలిసింది. నేను కుడికి జరిగితే అమ్మమ్మ తల వెనక నువ్వూ కుడికే జరుగుతావు. పన్నెండు అంగుళాలు పక్కకి జరిగితే చాలు, ఆమె తల నుంచి జానెడు పైగా దూరం పోతావు. నువ్వు ఆమెకు ఎంత దూరాన ఉంటే అంత బాగా కదులుతావు. ఆమె నిన్ను ఆనుకుని నిలబడి ఉంటే మాత్రం నేనెంత జరిగినా లాభం లేదు. అప్పుడు ఆమెనే నాలుగడుగులు ముందుకి రమ్మనాలి. జూమ్ మీద వేలు పెట్టేముందు కాళ్లు కదపాలని నేను అందరికీ పదేపదే చెప్పేది దీనికోసమే.

నీకు అడ్డంగా పడుకున్న చుట్టం ఒకటుంది, సముద్రపు గీత. విశాఖ ఆర్కే బీచ్‌లో తీసిన ఎన్ని ఫొటోల్లో అది మనుషుల మెడలు కోసిందో! సమతలమైన ఇసుక మీద ఆ గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. మన ఎత్తే ఉన్న మనిషిని నిలబడి తీస్తే అది కళ్ల మీదో మెడ మీదో పడక తప్పదు. మోకాలి మీద కూర్చుని చూడండి. గీత నడుము దగ్గరికి దిగుతుంది, తల ఆకాశంలోకి లేస్తుంది, ముఖం వెనక ఏ అడ్డూ ఉండదు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గురించి తరచు ఆలోచిస్తాను. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని చూసే గాజుపలక మీద బొమ్మ తలకిందులుగా పడేది. అలా చూస్తే ముఖం చప్పున పోల్చుకోలేం. వెలుగూ నీడా, గీతలూ ఆకారాలే కనపడతాయి. అలాంటి పలక మీద నిన్ను దాటవేయడం కష్టం. మీరూ ప్రయత్నించండి. ఆటో రొటేట్ ఆపేసి, తీసిన ఫొటోని తలకిందులుగా తిప్పి చూడండి. ఏ గీత ఎవరి తలలోకి దూరిందో ఇట్టే తెలిసిపోతుంది.

ఫ్రేముని మూడు భాగాలు చేసి ఆ గీతల దగ్గర మనిషిని నిలపాలన్న సూత్రం పాతదే. జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1797లోనే ప్రకృతి దృశ్యాల గురించి రాస్తూ దానికి పేరు పెట్టాడు. ఫోన్‌లో గ్రిడ్ పెట్టుకోండి, మంచిదే. కానీ నేరుగా మన కళ్లలోకి చూసే ముఖాన్నీ, గుడి ముందు ధ్వజస్తంభాన్నీ మధ్యలోంచి లాగేయకండి. వాటి బలం మధ్యలోనే ఉంది. పక్కకి చూసే మనిషికి మాత్రం చూస్తున్న వైపు చోటివ్వాలి.

నిన్ను ద్వేషించడం నేను మానేశాను. నిన్ను పూర్తిగా తప్పించి తీసిన ఫొటోల్లో మా వీధి మా వీధిలా లేదు. పోయిన దసరాకి అదే వాకిట్లో పిన్ని నిలబడింది, వాళ్లమ్మ నిలబడ్డ చోటే. నేను రెండడుగులు కుడికి జరిగాను, నువ్వూ జరిగావు. గ్రిడ్‌లో ఎడమ గీత మీద పిన్ని, కుడి గీత మీద నువ్వు, మధ్యలో ఖాళీ ఆకాశం. నీ తీగ మీద కాకి వాలింది. పిన్ని అటు తిరిగి, "ఎవరొస్తున్నారో" అంది. అప్పుడు నొక్కాను.

ఇట్లు,
ముగ్గు గిన్నె పట్టుకున్న అమ్మమ్మ మనవడు