మూఢంలో సినిమా మాస్టారు

పర్యావరణం మీద, సామాజిక న్యాయం మీద తీసిన డాక్యుమెంటరీలను ఊరందరికీ ఉచితంగా చూపించే మనిషి సినిమా మాస్టారు. నర్సీపట్నంలో ఈయన సాధారణంగా రిటైరైన సోషల్ టీచరు. పూరి జగన్నాథ్ సొంత ప్రాంతం కావడంతో సినిమా అనగానే జనం హీరో ఎవరని అడుగుతారు. ‘ప్రజలే’ అంటారీయన. సగంమంది అక్కడే తగ్గిపోతారు.

ప్రదర్శనలు మూఢాల్లోనూ ఆషాఢంలోనూ జరుగుతాయి. పెళ్లిళ్లుండవు గనక కల్యాణమండపం చవగ్గా వస్తుంది. ప్రొజెక్టరు ట్యూషన్ సెంటరుది, బాక్సులు మైక్‌సెట్టు కుర్రాడివి, తెర మాస్టారింటి దుప్పటి. లాప్‌టాప్‌ని ప్రొజెక్టరుకు కలపాల్సిన వైరు మాత్రం ఇంట్లో ఉండిపోతుంది. అది తెచ్చేలోగా మొదటి విడత టీ అయిపోతుంది.

వైరు వచ్చాక పరిచయం. ఇది సినిమాకన్నా పెద్దది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడటంతో మొదలవుతుంది. గిరిజన ప్రాంతాల్లో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 నాటి సమతా తీర్పు మీదుగా, చింతపల్లి అడవిలో బాక్సైటుకు దారి తెరిచిన 2015 నాటి 97వ నంబరు జీవో దాకా సాగుతుంది. ఆ జీవో 2019లో రద్దయింది గానీ, అంతదాకా మేలుకుని ఉండేవాళ్లు తక్కువ.

సినిమాలు ఎక్కువగా తెలుగులో ఉండవు. ఆనంద్ పట్వర్ధన్, సిమంతిని ధురు తీసిన ‘నర్మదా డైరీ’ (1995), జాదుగూడ యురేనియం గనుల మీద శ్రీప్రకాశ్ తీసినది (1999) ఈయనకు ప్రాణం. అనువాదమూ ఈయనదే. తెర మీద ముసలాయన రెండు నిమిషాలు కళ్లనీళ్లతో చెప్పినదాన్ని ‘అన్యాయం అంటన్నాడు’ అని ముగిస్తారు. బీటీ పత్తితో వరంగల్ రైతులు పడ్డ పాట్ల మీద పస్తాపూర్ దళిత రైతు మహిళలు తామే కెమెరా పట్టి 2003లో తీసిన సినిమా తెలుగే. అనువాదకుడికి పనుండదు. అయినా ఊరుకోరు. తెలంగాణ తెలుగును మన తెలుగులోకి దించుతూనే ఉంటారు.

ప్రేక్షకుల్లో సంతకొచ్చి బస్సు తప్పిన మన్యం పెద్దామె ఒకరు ఉండటం కద్దు. పేరు రాయించుకుని వెళ్లే డిగ్రీ పిల్లల్లా కాక, ఈమె తెరనే చూస్తుంది. జాదుగూడ సినిమాలో తవ్విన నేల కనబడగానే ‘తవ్వేముందు ఈళ్లనడగనేదేటి బాబూ?’ అంటుంది. నలుగురు తలలు తిప్పుతారు. మాస్టారు చెయ్యెత్తి, ‘ప్రశ్నలు చివర్లో తల్లీ’ అంటారు. చివరికి చర్చాంశాల కాగితం తీసి ‘ప్రజలను అడగకుండా జరిగే అభివృద్ధి’ అనే మొదటి అంశం చదివేసరికి, చింతపల్లి బస్సు అందుకుందామని ఆమె లేచిపోయి ఉంటుంది. చర్చలో మాస్టారు, ఆయన పాత సహోద్యోగి మిగులుతారు. ఇద్దరిదీ ఒకటే అభిప్రాయం కాబట్టి గంట పడుతుంది.

హాజరు పుస్తకంలో నలభై అని రాస్తారు. మండపం వాచ్‌మన్, మైకు కుర్రాడు, టీ ఇచ్చి వెళ్లినవాడు అందులో కలిసినవాళ్లే. దుప్పటి మడతపెట్టి ఇంటికి చేరుస్తారు. మూలల్లో కొత్తగా పడ్డ మేకు చిల్లులు ఎన్నో ఆయనగారి ఇంటావిడ లెక్కపెడుతుంది. ఆ లెక్కలో తేడా ఉండదు.