మాదొక్కటే

ఆ రోజుల్లో మా చేలకు కరెంటు ఒక వారం పగలు వస్తే, ఒక వారం నడిరేయి వచ్చేది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. బిల్లు భయం ఆరోజుతో పోయింది గానీ, రాత్రి నడక పోలేదు. ఇచ్చే ఏడు గంటలు వారం మార్చి వారం రాత్రికే పడేవి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే. అలాంటి నేలలో చీనీ చెట్లు పెట్టుకున్నవాడు వచ్చిన కరెంటును వదులుకోలేడు.

అందుకని అర్ధరాత్రి పన్నెండు దాటాక పల్లె లేచేది. చేతిలో బ్యాటరీ లైటు, ఇంకో చేతిలో కట్టె, గట్ల మీద చెప్పుల చప్పుడు. మా పక్క చేను తాత అలాగే ఒక రాత్రి మోటారు వేయడానికి వెళ్లాడు. స్టార్టర్ డబ్బా కింద రాళ్ల సందులో కట్లపాము ఉంది. దాని కాటుకు పెద్దగా నొప్పి పుట్టదు. ముల్లు గుచ్చుకుందనుకుని ఆకుపచ్చ బొత్తాం నొక్కి, నీళ్లు పడుతున్నాయా లేదా చూసుకుని, ఇంటికొచ్చి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

నేనప్పుడు టౌన్లో ఐటీఐ చదువుతున్నాను, ఎలక్ట్రీషియన్ ట్రేడు. తాత దినం అయిన మర్నాడే మా నాయినకు ఆటో స్టార్టర్ కొనుక్కొచ్చి బిగించాను. అరచేతిలో పట్టేంత పెట్టె. ఊళ్లో దాన్ని ఆటోమేటిక్ అనేవారు. మూడు ఫేజులూ రాగానే కొన్ని సెకన్లు చూసి, మోటారును అదే ఆన్ చేస్తుంది. మనిషితో పనిలేదు. నాయిన ఆ రాత్రి మంచం మీదే పడుకుని, దూరంగా మోటారు మోగడం విని, "మేల్కొన్నాను గానీ లేవలేదురా" అని పొద్దున మురిసిపోయాడు.

నెల తిరిగేసరికి మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పదిహేడు మోటార్లకూ ఆటోమేటిక్‌లు వచ్చాయి. అన్నీ ఒకే దుకాణంలో కొన్నవి. పాముకాటుకు మగడిని పోగొట్టుకున్న అవ్వకు నేనే డబ్బు తీసుకోకుండా బిగించాను. ఊరు కంటినిండా నిద్రపోయింది.

మూడో నెలలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

కారణం నేను చదువుకున్న పాఠంలోనే ఉంది. మోటారు తిరిగేటప్పుడు లాగే కరెంటు వేరు, లేచేటప్పుడు లాగేది వేరు. లేచే ఆ కొద్ది సెకన్లలో అయిదారు రెట్లు లాగుతుంది. మనుషులు నడిచి వెళ్లి వేసిన రోజుల్లో ఒకడు ముందు చేరేవాడు, ఒకడు దారిలో బీడీ ముట్టించుకునేవాడు, ఒకడు నిద్రమత్తు వదిలించుకుని పావుగంట తర్వాత వచ్చేవాడు. ఒక మోటారు లేచి కుదుటపడ్డాక ఇంకోటి లేచేది. మేం కష్టమనుకున్న ఆ నడకే ఇన్నేళ్లూ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాచింది. ఇప్పుడు పదిహేడూ ఒక్క క్షణంలో లేస్తున్నాయి.

  

మాడిన నూనె వాసన కొట్టే ఆ ఇనుప దిమ్మను మోకులు కట్టి దించి, ట్రాక్టరు మీద టౌనుకు తోలి, రిపేరు చేయించి తెచ్చేసరికి తొమ్మిది రోజులు. మోటారుకు ఆరువందలు చందా. టమోటా పూత రాలిపోయింది. చీనీ పిందె ముడుచుకుపోయింది.

రిపేరై వచ్చిన సాయంత్రం, లైన్‌మన్‌ను కూడా పిలిచి, ఆంజనేయస్వామి గుడి అరుగు మీద కూర్చున్నాం. ఆటోమేటిక్‌లు పీకేయాలన్నాడు మా నాయిన. ఎవరూ కాదనలేదు. పదిహేడుమందీ కర్పూరం ఆర్పి ప్రమాణం చేశారు. ఆడమనిషివి, నువ్వెందుకులే అన్నా వినకుండా అవ్వ కూడా ముందుకొచ్చి అరచేత్తో మంట ఆర్పింది.

ఇరవై రోజులకు మళ్లీ కాలింది.

ఈసారి లైన్‌మన్ గుడి దగ్గరికి రాలేదు. నేరుగా చేలకు వచ్చి, "డబ్బాలన్నీ తెరిచి చూస్తా, తెలిసినోడివి నువ్వు నాతో రా" అన్నాడు. వెళ్లాను.

మొదటి డబ్బాలో ఆటోమేటిక్ ఉంది. కూతురు పురిటికొచ్చింది, రాత్రిపూట ఇల్లు వదిలి రాలేనన్నాడు ఆసామి. రెండో డబ్బాలోనూ ఉంది. ఆయనకు కంటి ఆపరేషన్ అయి పదిరోజులు కాలేదు. మూడోవాడికి నడుము నొప్పి. ఎవరిదీ అబద్ధం కాదు. ప్రతివాడూ చివర అదే మాట అన్నాడు: "అందరూ తీసేసినారు కదప్పా, నాదొక్కటి ఉంటే ఏమైతాదిలే అనుకుంటి."

మా డబ్బా వచ్చింది. తెరవకముందే నాకు తెలుసు. ప్రమాణం చేసిన రాత్రే నాయిన పీకేశాడు. వారం తర్వాత వానలో గట్టు మీద జారిపడి, మోకాలు కొట్టుకుపోయి వచ్చాడు. మర్నాడు నేనే మళ్లీ తగిలించాను. "పదహారు పోయినాయి కదా నాయినా, మాదొక్కటే" అన్నాను. వద్దని ఆయన అనలేదు. లైన్‌మన్ మూత తెరిచి, చూసి, ఏమీ అనకుండా మూసేశాడు.

ఆ తర్వాతి పన్నెండు డబ్బాల్లోనూ ఉన్నాయి.

ఆఖరున అవ్వ చేను. డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మూత తెరిచాను. ఆటోమేటిక్ లేదు. అది ఉన్నచోట తీగల కొసలు విడివిడిగా టేపు చుట్టి, ఒక పక్కకు వంచి ఉన్నాయి. డబ్బా కింద రాళ్లన్నీ ఏరి దూరంగా పోసింది. అక్కడి నుంచి గట్టుదాకా గడ్డిలో సన్నటి కాలిబాట పడి ఉంది. ఇరవై రోజులుగా ఆ ముసలి పాదాలు నడిచిన దారి.

ఆమె మా వెనకే వచ్చి నిలబడింది. కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ ఆరువందలు నా చేతిలో పెట్టింది. చెట్ల వైపు చూసి, తర్వాత డబ్బా వైపు చూసి, లైన్‌మన్‌కు వినపడకుండా నెమ్మదిగా అడిగింది:

"ఊర్లో అందరూ తీసేసినారు గదా నాయినా, మళ్లీ ఎట్ల కాలె? నా మోటారులోనే ఏమన్నా దోషముంటే చెప్పు, రేపే పెరికిస్తా. నా ఒక్కదాని వల్ల ఇంతమందికి నష్టం రాకూడదు."