ఎక్కినవాడే దొంగ

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లేనంటారని పెద్దల మాట. ఆ చెట్టు కిందివాడి పని కొంత నయం. చేతిలో గ్లాసుంది, అనుమానమున్నవాడు వాసన చూసుకోవచ్చు. చింతపల్లిలో ఆఖరి బస్సు తప్పిపోయి, ‘అన్నా, నర్సీపట్నంలో దింపేయవా’ అంటూ కారెక్కినవాడి చేతిలో ఏముంటుంది? మహా అయితే టిఫిన్ క్యారేజీ. చెక్‌పోస్టులో డిక్కీ తెరిస్తే గంజాయి మూటలు. డ్రైవరు ఏ-1, పక్కసీటువాడు ఏ-2, వెనక క్యారేజీవాడు ఏ-3. సరుకు యజమాని ఏ-4. ఆయన పరారీలో ఉన్నాడు.

మనవాళ్లు లెక్కల్లో మహా నిక్కచ్చి. సీట్లు లెక్కపెడతారు, తలలు లెక్కపెడతారు. రెండూ సరిపోయాయా, దర్యాప్తు ముగిసినట్టే.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) మాత్రం సరుకు ‘స్వాధీనంలో’ ఉండటం నేరమంది గానీ, పక్కన కూర్చోవడం నేరమనలేదు. స్వాధీనమంటే సరుకుందని తెలిసుండాలి, దానిమీద అదుపూ ఉండాలి. 2002లో అవతార్ సింగ్ కేసులో, లారీలో గసగసాల కాయల పొట్టు బస్తాల మీదే కూర్చుని దొరికినవాళ్లను సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. కూర్చున్నంత మాత్రాన బస్తా వాళ్లదైపోదంది. మరుసటి ఏడు మదన్‌లాల్ కేసులో కారులో చరస్ దొరికింది. ఒకడు ‘అది నాదే’ అని నెత్తినేసుకున్నా మిగతావాళ్లకు శిక్ష తప్పలేదు. అది ఎవరుపడితే వాళ్లెక్కే బండి కాదు, కలిసి ఎందుకు వెళ్తున్నారో చెప్పలేకపోయారు కదా అంది కోర్టు. అంటే చూడాల్సింది ఎవడు ఎక్కడ కూర్చున్నాడని కాదు, ఎవడికి ఎవడు ఏమవుతాడు, ఎవడికి ఏం తెలుసు అని. అది తేల్చడం కష్టం. సీట్లు లెక్కపెట్టడం సులువు.

పైగా 35వ సెక్షనొకటుంది. నీకు తెలిసే చేశావని కోర్టు ముందే అనుకుంటుంది. తెలియదని నువ్వే రుజువు చేసుకోవాలి, అదీ సందేహానికి తావు లేకుండా! తెలిసినదానికైతే సాక్షులుంటారు. తెలియకపోవడాన్ని చూసినవాణ్ని ఏ సంతలోంచి పట్టుకురావాలి? స్వాధీనాన్ని ముందు పోలీసులు రుజువు చేయాలి, ఆ తర్వాతే ఈ ఊహ అని కోర్టులు మొత్తుకుంటూనే ఉన్నాయి. చెక్‌పోస్టు దగ్గర ఆ ‘ముందు’ ఎవరికీ వినపడదు.

గంజాయి 20 కిలోలు దాటిందా, అది వాణిజ్య పరిమాణం. శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. బెయిలు కావాలంటే నువ్వు నిర్దోషివని నమ్మడానికి కారణాలున్నాయని విచారణకు ముందే జడ్జిగారికి అనిపించాలి. ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువు. ఎప్పటికో ‘నీ తప్పేమీ లేదు, ఇంటికి వెళ్లు’ అంటారు. ఆ వెళ్లడానికైనా మళ్లీ ఏదో ఒక బండెక్కాలి కదా!

అందుకని ప్రయాణికులకు ఒక ఉచిత సలహా. లిఫ్టు అడిగే ముందు వీఆర్వోగారిని, ఇద్దరు మధ్యవర్తులను వెంటబెట్టుకోండి. డిక్కీ తెరిపించి, స్టెప్నీ కింద తడిమి, సీటు కవరు విప్పించి, ‘ఏమీ లేదు’ అని పంచనామా రాయించి సంతకాలు తీసుకోండి. షేర్ ఆటోలో పక్కావిడ కూరగాయల సంచీలోకి కూడా ఓసారి తొంగిచూడండి. ఆవిడ కొట్టే చెంపదెబ్బ, పదేళ్ల శిక్షతో పోలిస్తే కారుచౌక. క్యాబ్ అయితే మీరు మీరేనని చెప్పడానికి ఓటీపీ ఉంది. డిక్కీలో ఉన్నది మీది కాదని చెప్పే ఓటీపీ ఇంకా రాలేదు.

ఇంత చిక్కు చట్టాన్ని ఆమూలాగ్రం ఆకళింపు చేసుకున్న పండితుడు మాత్రం ఒకడున్నాడు. పైన చెప్పిన ఏ-4. సరుకున్న బండి ఆయన జన్మలో ఎక్కడు. ముందు మోటారుసైకిలు మీద పైలట్‌గా పోతుంటాడు. చెక్‌పోస్టులో అతణ్ని ఆపినా మర్యాదగా వదిలేస్తారు. అతని పక్కన ఏమీ లేదు కదా మరి!