ఎడమ సీటు

నేను పుట్టింది జర్మనీలో, హానోవర్‌లోని ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారంలో. అది 1998. కాపురానికి పంపింది మాత్రం ఇంగ్లండుకి, అందుకే స్టీరింగు కుడివైపు బిగించారు. నా పేరు ట్రాన్స్‌పోర్టర్. మా వంశంలో నాలుగో తరం దాన్ని. పాత తరాల వాళ్లకి ఇంజను వెనకాల ఉండేది, 1990లో మా తరంతోనే ముందుకొచ్చింది. హిప్పీలు ఒంటినిండా పువ్వులు గీసి ఊరేగించింది ఆ పాత వాళ్లనే. నా ఒంటి మీద ఎవరూ పువ్వు గీయలేదు. పదిహేనేళ్లు ఓ ప్లంబరు పైపులు మోశాను.

తర్వాత ఎవరో నాలో మంచం, స్టవ్వు పెట్టించారు. కిందటేడు మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం చేసుకునే భీమవరం కుర్రాడు కొన్నాడు. నాది పాత డీజిల్ పొగ. లండన్‌లో అడుగుపెడితే రోజురోజుకీ రుసుము కట్టాలి. చవగ్గా దొరకడానికి అదే కారణమని వాడు నా ఎదుటే స్నేహితులకి చెప్పాడు. నిజమే కాబట్టి ఏమీ అనుకోలేదు.

ఆల్ప్స్ దాకా వెళ్దామన్నది వాడి ఆలోచనే. వెంట గుంటూరమ్మాయి, నల్గొండ అబ్బాయి, లెస్టర్‌లో పుట్టి పెరిగిన ఇంకొకడు. ఆ చివరివాడికి బ్రిటిష్ పాస్‌పోర్టు, మిగతా ముగ్గురికీ షెన్‌గెన్ వీసాలు. వీసా కాగితాలు పోగెయ్యడానికి పట్టిన టైములో నేను ఆల్ప్స్‌కి రెండుసార్లు వెళ్లొచ్చేదాన్ని.

బయల్దేరే ముందురోజు సాయంత్రం నాకు ముస్తాబు. వెనక ‘యూకే’ స్టిక్కరు అంటించారు. 2021 సెప్టెంబరు దాకా అక్కడ ‘జీబీ’ ఉండేది. త్రికోణం, మెరిసే జాకెట్లు పెట్టారు. ఫ్రాన్సులో జాకెట్టు చేతికందే చోట ఉండాలి. డిక్కీలో పడేసి, రోడ్డు మీద దిగాక వెతుక్కుంటానంటే కుదరదు. హెడ్‌లైట్ల మీద చిన్న ముక్కలు అతికించారు. పుట్టుకతోనే నా వెలుగు ఎడమ అంచు మీద వాలుతుంది. అక్కడ అదే వెలుగు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. తిండి దగ్గరే గొడవైంది. మాంసం, పాల సరుకు ఐరోపా సమాఖ్యలోకి తీసుకెళ్లనివ్వరు. భీమవరంవాడు కోడి పచ్చడి సీసాని పసిబిడ్డని దింపినట్టు దింపాడు. పెరుగు డబ్బా కూడా ఫ్రిజ్‌లోకి తిరిగెళ్లింది. ఆవకాయ మాత్రం సీటు కింద కూర్చుంది.

తెల్లవారుజామున మూడింటికి కదిలాం. ఎం25 మీదుగా లండన్‌ని చుట్టుకుని, ఎం20 పట్టుకుని డోవర్ చేరాం. ఫ్రెంచి పోలీసులు తనిఖీ చేసేది డోవర్ రేవులోనే. అంటే నా చక్రాలు ఇంగ్లండు నేల మీద ఉండగానే ఫ్రాన్సు గడప దాటాం. ఓడలో గంటన్నర. నలుగురూ పైకెళ్లి సుద్దకొండల ముందు ఫొటోలు దిగారు. నేను కింద లారీల మధ్య, హ్యాండ్‌బ్రేకు మీద.

కలేలో గడియారం గంట ముందుకి జరిగింది. రేవులో అంతా సవ్యంగానే నడిచింది, ముందు బండి వెనకాలే పోవడం కదా. కొంపలంటుకునేది ఖాళీ రోడ్డు మీదే. బంకులో డీజిల్ పోయించుకుని బయటికొచ్చేసరికి ముందు ఎవరూ లేరు. భీమవరంవాడి చేతులు వాటంతటవే ఎడమకి తిరిగాయి.

“కుడి దిక్కు! అరె, కుడి దిక్కురా!” నల్గొండవాడి అరుపుకి నా అద్దాలు అదిరాయి.

ఇంకో పది నిమిషాలకి అసలు ముప్పు వచ్చింది. రెండు వరసల రోడ్డు, ముందు కూరగాయల లారీ. నాకు స్టీరింగు కుడివైపు, రోడ్డు నడిమి గీత ఎడమవైపు. లారీ అవతల ఏముందో డ్రైవరుకి కనబడదు, ఎడమ సీటులో కూర్చున్న మనిషికే కనబడుతుంది. ఆ సీటులో లెస్టర్ కుర్రాడున్నాడు.

“ఏమైనా వస్తోందారా?”

“లేదు, పో పో,” అన్నాడు, ఫోనులోంచి తలెత్తకుండానే.

సగం బయటికొచ్చానో లేదో, ఎదురుగా పాల ట్యాంకరు. బ్రేకు నొక్కిన నొక్కుడికి ఆవకాయ సీసా దొర్లుకుంటూ వెనక తలుపు దాకా వెళ్లింది. మూత ఊడలేదు. ఆ ప్యాకింగు గుంటూరమ్మాయిది.

తర్వాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదటి ఖాళీ జాగాలో బండి ఆపారు. లెస్టర్ కుర్రాడు తనంతట తనే వెనక్కెళ్లి కూర్చున్నాడు. నాకు వాడి మీద కోపం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ సీటులో కూర్చుంటే చెయ్యాల్సిన పనేమీ లేదని నేర్చుకున్నవాడు. ఎడమ సీటులోకి గుంటూరమ్మాయి వచ్చింది, ఫోను డాష్‌బోర్డు అరలో పడేసి మూసింది.

“నేను చెప్పేదాకా కదలకు,” అంది. “చెప్పకపోతే ఆ లారీ వెనకాలే ఆల్ప్స్ దాకా పోదాం.”

“సరేనమ్మా,” అన్నాడు వాడు.

ఏ26 ఎక్కాం. ఈ రోడ్డు మీద మావాళ్ల రద్దీ ఎంతో, ఫ్రెంచివాళ్లు దీన్ని ఇంగ్లీషువాళ్ల రోడ్డు అని పిలుస్తారు. టోల్ గేటు దగ్గర టికెట్టు మిషనూ ఎడమవైపే. గుంటూరమ్మాయి నడుం దాకా కిటికీలోంచి వంగి టికెట్టు లాగింది. గేటు లేచింది. వాన మొదలైంది. వాన పడితే ఇక్కడ నూటముప్పై కాదు, నూటపదే. నా మీటరులో పెద్దంకెలన్నీ మైళ్లు, కిలోమీటర్లు లోపల చీమల్లా ఉంటాయి. వాటినీ ఆమే చదివి చెబుతోంది.

హానోవర్ వీళ్ల మ్యాపులో లేదు.