నిమ్మచెట్టు పురుగు: సటీకా తాత్పర్యం

ఆ.వె. నిమ్మ కొమ్మ మీద నిలిచిన రెట్టయే
కదలి యాకు మెసవి, కనుల ముందు
రెక్కలొచ్చి యెగిరె రేపగళ్ళు గడచి;
దొడ్డి కన్న గొప్ప తోడు గలదె?

అవతారిక: నిమ్మచెట్టుకు పురుగు పట్టింది, మందు కొట్టండని గృహిణి ఆజ్ఞ. గృహస్థు పంపు భుజాన వేసుకొని వెళ్లి, కొట్టకుండా పద్యం చెప్పుకొని తిరిగొచ్చాడు. ఆ పద్యం ఇది.

ప్రతిపదార్థం: నిమ్మ కొమ్మ మీద = ఊరగాయకని పెంచుకొన్న చెట్టు చివుళ్ల నడుమ; నిలిచిన = ఉలుకూ పలుకూ లేని; రెట్టయే = కాకిరెట్ట అనుకొన్నదే; కదలి = ఉన్నట్టుండి నడక సాగించి; ఆకు మెసవి = లేతాకును ఈనె దాకా ఆరగించి; కనుల ముందు = చూడ తీరిక గలవాని ఎదుట; రేపగళ్ళు గడచి = కొన్ని వారములు పోగా; రెక్కలొచ్చి ఎగిరె = సీతాకోకచిలుకయై పోయెను; దొడ్డి కన్న = పెరటికంటె; గొప్ప తోడు = ప్రొద్దుపుచ్చు నేస్తము; కలదె = లేదని భావము.

తాత్పర్యం: పురుగని చంపబోయినవాడు కాసేపు ఆగితే, చంపాలన్న సంగతే మరిచిపోతాడు.

విశేషాలు: అలంకారం భ్రాంతిమంతం. అయితే అసలు భ్రాంతి కవిది కాదు, పిట్టది. 1758లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టిన ఈ నిమ్మ సీతాకోకచిలుక, పురుగు దశ తొలిరోజుల్లో గోధుమ, తెలుపు మచ్చలతో అచ్చం రెట్టలాగే ఉంటుంది. రెట్టను ఏ పిట్ట ముట్టుతుంది? ఒళ్లు పెరిగాక ఆ వేషం చాలదు కనుక ఆకుపచ్చ తొడుగుతుంది. అప్పటికీ ఎవరైనా కదిలిస్తే, తల వెనక నుంచి రెండు పాయల కంపుకొమ్ము బయటపెడుతుంది. కనుక రసం బీభత్సంతో మొదలై అద్భుతంలో ముగుస్తుందని లాక్షణికులు గ్రహించాలి. “రెక్కలొచ్చి” గ్రామ్యం కదా అంటే, పురుగు వ్యాకరణం చదువుకోలేదని సమాధానం.

ఆక్షేపం: ఒక్క పురుగును చూసి దొడ్డినంతా పొగడడం అతివ్యాప్తి కాదా?

సమాధానం: కాదు, పురుగు ఉపలక్షణం. “రేపగళ్ళు” అన్నప్పుడే ఆరు ఋతువులూ వచ్చాయి. వసంతంలో ఎర్రకళ్ల నల్లకోయిల కూస్తూ ఉంటుంది. చుక్కల ఒంటి ఆడకోయిల చడీచప్పుడు లేకుండా కాకిగూట్లో గుడ్డు పెట్టి వస్తుంది. గ్రీష్మంలో మగతొండ తలా మెడా ఎర్రబరచుకొని ప్రహరీ మీద దండీలు తీస్తుంది. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వచ్చి నేల తడిస్తే, ఎర్ర మఖమలు తొడుక్కొన్న ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. కాళ్లు ఎనిమిది కనుక వాటి చుట్టరికం సాలీడుతో. శరత్తులో తూనీగలు గుంపులు కడతాయి. వాటిలో ఒక జాతి హిందూ మహాసముద్రం మీదుగా ఆఫ్రికా దాకా వలసపోతుందని 2009లో చార్లెస్ ఆండర్సన్ ప్రతిపాదించాడు. వీధి చివరి కొట్టుకు పోవడానికి బద్ధకించే కవి తూనీగను కొంచెం అసూయగా చూశాడని వ్యాఖ్యాత ఊహ. హేమంతానికి మగ తేనెపిట్ట జతకాలపు నీలినిగ వదిలేసి, పసుపు రొమ్ము మీద ఒక్క నల్లచార మాత్రం ఉంచుకొంటుంది. శిశిరం వెళ్లేలోగా కొత్త ఈకలు తొడిగి మునగపూత మీద వాలుతుంది.

గృహిణి ఆక్షేపం: ఆకులన్నీ పురుగు తింటే కాయలు మీరు కాస్తారా?

సమాధానం: ఎదిగిన చెట్టు ఆ మాత్రం నష్టం ఓర్చుకొంటుంది. నారుమొక్క ఓర్చుకోలేదు, దాని మీది పురుగును చేత్తో ఏరి పెద్దచెట్టుకు చేర్చవలె. మందు కొడితే పోయేది పురుగొక్కటే కాదు. పెద్ద తేనెపిట్ట తేనె తాగినా, పిల్లల నోట పెట్టేది పురుగులనూ సాలీళ్లనూ. కాబట్టి చివుళ్లు కొన్ని పోతేనే పెరట్లో పిట్ట పాట ఉంటుంది. ఈ సమాధానంతో గృహిణి తృప్తిపడినట్టు మూలంలో ఆధారం లేదు.

ఫలశ్రుతి: మందుడబ్బా మూత తీయకముందు ఈ పద్యం చదివినవారికి దోసెడు ఆకులు నష్టమై, సీతాకోకచిలుకలు సిద్ధించును. మూత తీశాక చదివినవారికి ఛందస్సు మాత్రమే దక్కును.