నష్టరహిత నాదోపాసకుడు

సంగీతప్రియులలో పాటను వినడం కన్నా భద్రపరచడమే పరమార్థంగా భావించే ఉపజాతి ఒకటి ఉంది. ఈ జాతివాడు తన సీడీలన్నింటినీ ఫ్లాక్ ఫైళ్లుగా దాచుకొని, ఎంపీత్రీ వినేవారిపై జాలిపడుతూ కాలం గడుపుతాడు. ఫ్లాక్ అనేది ధ్వనిలో ఒక్క బిట్టూ పోకుండా ఫైలును కుదించే నష్టరహిత పద్ధతి. జోష్ కోల్సన్ రూపొందించిన దీని తొలి స్థిర కూర్పు 2001లో వెలువడింది.

ఇందులో 0 నుంచి 8 వరకు కుదింపు స్థాయిలున్నాయి. స్థాయి పెరిగేకొద్దీ కంప్యూటరు మరింత శ్రమించి ఫైలును ఇంకాస్త చిన్నది చేస్తుందే గాని, విప్పితే వచ్చే ధ్వని అన్నిటా ఒక్కటే. ఏ స్థాయీ కోరకపోతే 5 అమలవుతుంది. తన పాటలన్నీ అయిదులో ఉండిపోయాయని తెలిసిన రాత్రి నుంచి నాదోపాసకుడికి నిద్ర పట్టదు. ఫోల్డర్లన్నీ గంపగుత్తగా కంప్యూటరుకు అప్పగించి ఎనిమిదికి మార్పిస్తాడు. ఎవరైనా పాట పెట్టమంటే "ఉండండి, కన్వర్షన్ నడుస్తోంది" అంటాడు కనుక, అది ముగిసేదాకా ఆ ఇంట్లో వినిపించే నాదం కంప్యూటరు ఫ్యానుది మాత్రమే. ఇంత చేసి మిగిలేది ఒక శాతానికి అటూ ఇటూగా చోటు.

అతడి నిష్ఠకు అసలు పరీక్ష ఘంటసాల పాత పాటల దగ్గర ఎదురవుతుంది. ఫ్లాక్ గడిచిన ధ్వని నమూనాలను బట్టి రాబోయేదాన్ని ఊహించి, ఊహ తప్పినంత మేరకే రాసుకుంటుంది. గాయకుడి గొంతు కొంతవరకు ఊహకు అందుతుంది. 78 ఆర్‌పీఎం రికార్డు గరగర అందదు. కాబట్టి అరిగిన రికార్డు నుంచి ఎక్కించిన పాటలో గానం కన్నా గరగరకే ఎక్కువ చోటు దక్కే అవకాశముంది. ఆ గరగరను సైతం బిట్టు పొల్లుపోకుండా కాపాడినందుకు అతడు గర్విస్తాడు; నిజానికి ఈ గర్వం పూర్తిగా న్యాయమైనదే.

ప్రతి ఫ్లాక్ ఫైలు తలభాగంలో అసలు ధ్వనిని లెక్కగట్టి వేసిన ఎండీఫైవ్ ముద్ర ఉండడం రివాజు. మార్పిడికి ముందూ తరువాతా ముద్రలు సరిపోతే ధ్వని చెక్కుచెదరలేదని అర్థం. అవి సరిపోయాక అతడికి వినవలసిన అగత్యం కూడా తీరిపోతుంది. అయినా ఎందుకైనా మంచిదని పాత ఫైళ్లను చెరపడు. వాటికోసం మరో హార్డ్‌డిస్కు కొంటాడు.

2025లో వెలువడిన ఫ్లాక్ 1.5.0 కూర్పు ఈ కుదింపు పనిని ప్రాసెసరులోని పలు కోర్లకు పంచగలదు. కనుక ఈ జాతి అంతరించే సూచనలేవీ ప్రస్తుతానికి లేవు.